వేలికొస దాటిన గోళ్ళు

ప్రసూతి వార్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. జీతాల పట్టీలో ఒక పేరు ఉన్నమాట నిజమే కానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. పెద్ద నర్సు నుంచి లిఫ్టు నడిపే మనిషి దాకా అందరికీ ఆమె గోళ్ళమ్మ. ఎగతాళికి పెట్టిన పేరే. ముప్ఫయ్యేళ్ళలో ఎగతాళి అంతా అరిగిపోయి ఒట్టి పేరు మిగిలింది.

కాన్పు గదిని ఆనుకుని ఉన్న చిన్న గది ఆమె రాజ్యం. అందులో ఒక తూకం యంత్రం, పైన వెచ్చటి దీపం వేలాడే బల్ల, మూత విరిగిన డబ్బా నిండా ఉతికి ఆరేసిన పాత గుడ్డలు ఉంటాయి. బిడ్డ పుట్టాక డాక్టరు చూడవలసినవన్నీ చూసి, బొడ్డు కత్తిరించి ఆమె చేతికి అందిస్తుంది. తుడవడం, తూచడం, గుడ్డలో చుట్టడం, తలుపు బయట ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడ్డవాళ్ళకు చూపించడం ఆమె వంతు. లోకంలో ఎవరైనా ముందు ఆడా మగా అని చూస్తారు. ఈవిడ మాత్రం పిడికిలి విప్పి గోళ్ళు చూస్తుంది.

అందరి కళ్ళకూ ఆనని సంగతులు ఆమె కళ్ళకు ఆనేవి. పుట్టిన తొలి గంటల్లో చేతులూ పాదాలూ నీలంగా ఉంటే గోళ్ళ కింద కూడా ఆ నీలం కనిపిస్తుంది. అది చూసి బాలింతల తల్లులు గుండెలు బాదుకుంటారు. బిడ్డ ఒళ్ళు గులాబీ రంగులో ఉండి గట్టిగా ఏడుస్తుంటే భయం లేదని, కాసేపటికి వెచ్చబడి గోళ్ళు కూడా గులాబీ రంగుకు తిరుగుతాయని ఆమె చెప్పేది. చేతి గోళ్ళు ఉల్లిపొరంత పల్చగా ఉండి, వేలితో తాకితే వంగిపోతాయి. పల్చనివే అయినా పదును తక్కువేం కాదు, రెండో రోజుకే బిడ్డ తన బుగ్గను తానే గీరుకుంటుంది. కాలి గోళ్ళది ఇంకో తంతు. బొటనవేలి గోరు గుంట పడి బుల్లి చెంచాలా ఉంటుంది. మిగిలినవి కండలో కూరుకుపోయి, అసలున్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. గోరు లోపలికి పెరిగిపోయిందని వార్డులో రోజుకొక తల్లయినా బెంగపడేది. పిల్లలందరికీ కాలి గోళ్ళు అంతేనమ్మా, నువ్వు పుట్టినప్పుడూ అంతే, నీకిప్పుడేమైంది అనేది గోళ్ళమ్మ.

ఇక నెలల సంగతి. నెలలు నిండిన బిడ్డకు చేతి గోళ్ళు వేలికొస దాకా వస్తాయి, ఒక్కోసారి దాటుతాయి. నెలలు తక్కువైతే కొసకు అందకుండానే ఆగిపోతాయి. ఇది ఆమెకు అన్నం తినడమంత తెలిసిన విషయం. అందుకే బిడ్డను ఎత్తుకుని తలుపు తోసుకుని బయటకు రాగానే ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. "నిండు నెలల బిడ్డ. గోళ్ళు వేలికొసలు దాటాయి." ఆ మాట వినగానే బెంచీ మీద ముఖాలు విచ్చుకునేవి. డాక్టరు వచ్చి బరువూ ఊపిరీ గుండే అంతా బాగుందని అరగంట చెప్పినా రాని ధైర్యం, ఈవిడ చెప్పిన రెండు ముక్కలతో వచ్చేది. దానికి ఆమె కాస్త పొంగిపోయేదని ఒప్పుకోవాలి. ఏ చదువూ లేని మనిషికి ఒక్క విద్య పట్టుబడితే ఆ మాత్రం పొంగు ఉండదా మరి.

ఆ విద్య ఆమెకు ఎక్కడ అబ్బిందో వార్డులో చాలామందికి తెలియదు. ఇరవయ్యో ఏట ఆమె ఈ వార్డుకే కాన్పుకు వచ్చింది. ఏడో నెల. పుట్టిన ఆడపిల్ల పూట కూడా నిలవలేదు. బరువులెత్తింది, చెప్పిన మాట వినలేదు, చేతులారా బిడ్డను పోగొట్టుకుంది అని అత్తవారింటి వాళ్ళు మంచం చుట్టూ చేరి తలా ఒక రాయి వేశారు. అప్పటి ముసలి నర్సు ఒకామె వాళ్ళను పక్కకు జరిపి, చల్లబడిన ఆ బుల్లి చేతిని విప్పి చూపించింది. గోళ్ళు ఇంకా సగానికే వచ్చాయి చూడమ్మా, నెలలు చాలలేదు, నీ తప్పేం లేదు అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె బతికి బట్టకట్టింది. తరువాత ఆమె కడుపు పండలేదు. రెండేళ్ళకు అదే వార్డులో ఆయాగా చేరింది. చేరిన మొదటి రోజు చేతికి వచ్చిన మొదటి బిడ్డ పిడికిలి ఎందుకు విప్పిందో ఆమెను ఎవరూ అడగలేదు.

ఈ మధ్య కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ ఒకసారి ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. గోళ్ళొక్కటే చూసి నెలలు చెప్పకండి, అరికాలి గీతలు, చెవి తమ్మె, చర్మం, నెలసరి తేదీ అన్నీ కలిపి చూస్తేనే ఒక అంచనా, అదీ ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది అని. గోళ్ళమ్మ ఊఁ అని తల ఊపింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు గోళ్ళ గురించి చెప్తోంది అని లోపల నవ్వుకుంది. ఆ నవ్వుకే తరువాత మూల్యం చెల్లించింది. చెల్లించింది ఆమె ఒక్కతే అయితే ఇంత చెప్పుకోవలసిన పనే లేకపోయేది.

ఆ రోజు పొద్దున్నే ఒక అమ్మాయిని నొప్పులతో తీసుకొచ్చారు. తొలి కాన్పు. వెంట అత్తగారు తప్ప ఎవరూ లేరు. ఆవిడకు యాభై లోపే ఉంటాయి, ఇస్త్రీ దుకాణం నడుపుతుంది, ముంజేతి మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన పాత మచ్చ ఉంది. కొడుకు ఓడ మీద వంటవాడు. ఏడాదికి ఒక్క నెల ఇంటికి వస్తాడు. కోడలికి ఎనిమిదో నెల దాటి నాలుగు రోజులే అయిందని, ఇంత తొందరగా నొప్పులు వచ్చాయేమిటని, దుకాణంలో నిలబెట్టి ఇస్త్రీ చేయించింది తనేనని, బిడ్డకేమైనా అయితే కొడుకు ముఖం ఎలా చూడాలని ఆ అత్తగారు బెంచీ మీద కూర్చుని ఒకటే ఏడుపు. ఇంట్లో కుట్టిన మెత్తటి ఉన్ని గుడ్డ ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆవిడను రాక్షసి అనుకుంటే ఈ కథ తేలికైపోతుంది, కానీ ఆవిడ రాక్షసి కాదు.

పది గంటలకు మగబిడ్డ పుట్టాడు. బరువు రెండున్నర కిలోలకు కాస్త తక్కువ. ఏడుపు మాత్రం వరండా దాకా వినిపించింది. గోళ్ళమ్మ తుడిచి, దీపం కింద పడుకోబెట్టి, అలవాటుగా పిడికిలి విప్పింది. పది గోళ్ళూ పల్చగా, నున్నగా, వేలికొసను దాటి ఒక గీత అంత బయటకు వచ్చి ఉన్నాయి. ఆమె మనసు తేలికపడింది. బయట ఆ మనిషి గుండె చెరువై కూర్చుంది, ఈ మాట చెప్తే ఊపిరి పీల్చుకుంటుంది అనుకుంది. అనుకున్నది అంతే. ఇంకో ఆలోచన ఆమెకు తట్టనే లేదు.

తలుపు తోసుకుని వచ్చి బిడ్డను ఆవిడ చేతుల్లో పెట్టి, "ఇంకెందుకమ్మా ఏడుపు. నెలలు తక్కువని ఎవరు చెప్పారు మీకు? గోళ్ళు వేలికొసలు దాటాయి. నిండు నెలల బిడ్డ" అంది.

అత్తగారి ముఖం విచ్చుకుంది. విచ్చుకున్న ముఖం అలాగే కాసేపు ఉండి, తరువాత మెల్లగా బిగుసుకుంది. బిడ్డను ఎడమ చేతికి మార్చుకుని, కుడిచేతి బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు ఆయమ్మా" అంది.

గోళ్ళమ్మ మళ్ళీ చెప్పింది. నమ్మకం కుదరలేదేమోనని ఈసారి బిడ్డ పిడికిలి విప్పి మరీ చూపించింది. అత్తగారు ఒక్కో వేలూ చూసింది. బిడ్డను తిరిగి ఇచ్చేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఉన్ని గుడ్డ బెంచీ మీదే ఉండిపోయింది.

సాయంత్రం కోడలు మంచం మీద నుంచి అడిగింది, అత్తయ్య ఇంకా రాలేదేమని. అప్పటికే ఆ అమ్మాయి ఫోనుకు భర్త నుంచి ఒక్క ముక్క సందేశం వచ్చి ఉంది. బిడ్డ నెలలు నిండి పుట్టాడని అమ్మ చెప్తోంది, నేను ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది అని. ఆ అమ్మాయి అది చదివి వినిపించింది. తను నోరు జారిందెక్కడో గోళ్ళమ్మకు అప్పుడు తెలిసింది.

"ఆయన వచ్చి ఎనిమిది నెలల నాలుగు రోజులు," అంది ఆ అమ్మాయి. "రోజులు లెక్కపెట్టుకుంటూ బతికేదాన్ని నేను. నాకు తెలియదా ఆయమ్మా? ఎందుకు చెప్పారు మీరు అలా?"

నిజం చెప్పాలంటే గోళ్ళమ్మ ఆ అమ్మాయి మాట నమ్మలేదు. తన కళ్ళు తప్పు చూడవు, గోళ్ళు అబద్ధం చెప్పవు. పాపం చిన్నపిల్ల, ఏడాదికి ఒక్క నెల మొగుడు, ఎక్కడో కాలు జారింది, మనకెందుకు, మన నోటి వల్ల దీని కాపురం కూలకూడదు అనుకుంది. జాలి పడింది, నమ్మకం మాత్రం కలగలేదు. ఈ తేడా తరువాత ఆమెను చాలా కాలం తినేసింది.

మర్నాడు పొద్దున అత్తగారు వస్తే గోళ్ళమ్మ ముందే ఎదురెళ్ళింది. నిన్న కంగారులో తప్పు చెప్పానని, ఒకేసారి ఇద్దరు పుడితే ఒకరి మాట ఇంకొకరికి చెప్పానని మొదలుపెట్టింది. బిడ్డ చేతులు గుడ్డలో బిగించి చుట్టి, పాదాలు మాత్రం బయటకు తీసి ఉంచింది. "చూడండి, గోళ్ళు ఎక్కడైనా కనిపిస్తున్నాయా? కండలోనే ఉన్నాయి. ఇంకా పైకే రాలేదు. నెలలు తక్కువ బిడ్డే" అంది. ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలందరికీ అంతేనమ్మా అని ఏ కాలి గోళ్ళను చూపించి తల్లుల బెంగ తీర్చిందో, అవే కాలి గోళ్ళతో మొదటిసారి అబద్ధం ఆడింది.

అత్తగారు ఆ పాదాల వైపు చూడను కూడా లేదు.

"కాళ్ళు కాదు. చేతులు చూపించు."

గోళ్ళమ్మ కదల్లేదు. అత్తగారే గుడ్డ సడలించి చెయ్యి బయటకు తీసింది. బిడ్డ ఆవిడ వేలిని గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పట్టు విడిపించుకుని గోళ్ళు చూసింది.

గొడవ విని చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఓపిగ్గా కాగితం మీద గీసి మరీ చెప్పింది. మీరు కొడుకు వచ్చిన రోజు నుంచి లెక్కపెడుతున్నారు, మేము అంతకు ముందు నెలసరి నుంచి లెక్కపెడతాం, మా లెక్కలో బిడ్డకు రెండు వారాలు కలుస్తాయి, ముప్ఫయ్యారు వారాలు దాటిన బిడ్డ ఇతను, ఈ వయసుకు గోళ్ళు వేలికొసకు రావడం, కొందరికి దాటడం మామూలే అంది. మీ కోడలు చెప్పిన తేదీకీ మేము స్కానులో చూసినదానికీ తేడా లేదు అని కూడా చెప్పింది. గోళ్ళమ్మ గోడకు ఆనుకుని విన్నది. ఒక్కో మాటా వింటుంటే ఆమె తల తీసేసినట్టయింది. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. రోజులు లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషికి తెలియదా మరి.

అత్తగారు అంతా విని కాగితాన్ని మడిచి డాక్టరమ్మకే తిరిగి ఇచ్చింది. లెక్కలు ఎటు కావాలంటే అటు తిప్పొచ్చమ్మా అంది. తరువాత గోళ్ళమ్మ వైపు తిరిగింది.

"నేను నీకు గుర్తులేనా ఆయమ్మా? ఇరవయ్యారేళ్ళ కింద ఇదే తలుపు దగ్గర. పెళ్ళయిన ఎనిమిదో నెలలో నా కొడుకు పుట్టాడు. మా అత్తవాళ్ళు నన్ను చంపేసేవాళ్ళే. నువ్వొచ్చి వాడి వేళ్ళు చూపించి, గోళ్ళు కొసకు రాలేదు, నెలలు తక్కువ బిడ్డ, పిల్లను ఏమీ అనకండి అన్నావు. ఆ మాట మీదే నా బతుకంతా గడిచింది."

గోళ్ళమ్మ ఆ ముఖంలోకి చూసింది. ముంజేతి మచ్చ, నెరిసిన పాపిడి, బిగిసిన దవడ. ఎంత వెతికినా ఏమీ గుర్తు రాలేదు. ఎన్ని వేల పిడికిళ్ళు విప్పిందో ఆమెకే తెలియదు. ఆ రోజు నిజంగా గోళ్ళు చూసే చెప్పిందో, మంచం చుట్టూ చేరిన జనాన్ని చూసి తన సంగతి గుర్తొచ్చి చెప్పిందో ఎవరికి తెలుసు.

అందుకని ఉన్నమాటే చెప్పింది. గోళ్ళు చూసి ఏమీ చెప్పలేమని, డాక్టరమ్మ మాటే నిజమని, తనకు చదువు లేదని, తన మాటకు విలువ ఇవ్వొద్దని చేతులు పట్టుకుని మరీ చెప్పింది.

అత్తగారు చేతులు విడిపించుకుంది. "నిన్న సంతోషంతో చెప్పావు. ఇవాళ భయంతో చెప్తున్నావు. సంతోషంతో చెప్పిందే నిజం," అంది. "గోళ్ళది అబద్ధమైతే ఆ రోజుదీ అబద్ధమే. అప్పుడు నేనేమైపోవాలి?"

ఆ మాట అని మెట్లు దిగిన అత్తగారు మళ్ళీ రాలేదు. కొడుకు ఫోను ఎత్తలేదు. మూడో రోజు దుకాణం పక్కింటావిడ ఒకామె వచ్చి, ఆ అమ్మాయి బట్టల సంచి ఒకటి మంచం కింద పెట్టి వెళ్ళింది. చీరలన్నీ ఇస్త్రీ చేసి, మడతలు చెదరకుండా సర్ది ఉన్నాయి.

ఆ రోజుల్లో గోళ్ళమ్మ చేయగలిగిందంతా చేసింది. ఇంటి నుంచి గంజి కాచి తెచ్చింది. బిడ్డ గుడ్డలు ఉతికింది. ఓడ కంపెనీ ఆఫీసు ఎక్కడో కనుక్కుని వెళ్ళి, గుమాస్తా చేత ఆ కుర్రాడికి ఒక ఉత్తరం రాయించింది, తప్పు నాదని. గుమాస్తా రాసి పెట్టాడు, ఓడ రేవుకు చేరడానికి ఇంకో ఐదు వారాలు పడుతుందన్నాడు. ఆమె మంచం దగ్గరకు వస్తే ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకునేది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టి ఉంటే గోళ్ళమ్మ ప్రాణం కాస్త హాయిగా ఉండేది.

ఖాళీ దొరికితే ఆ చిన్న గదిలో దీపం పక్కన కూర్చుని తన బిడ్డ గురించి ఆలోచించేది. సగానికే వచ్చిన ఆ గోళ్ళు. నీ తప్పేం లేదన్న ముసలి నర్సు. అది తెలిసి చెప్పిందా, జాలిపడి చెప్పిందా. ఇన్నేళ్ళూ ఆ సందేహం ఆమెకు రాలేదు. ఇప్పుడు వచ్చింది, ఇక పోలేదు. ఆ అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా అందుకే కోపం రాలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి అక్క వచ్చింది. అక్కకు ఒకే గది, ముగ్గురు పిల్లలు. కొన్నాళ్ళ వరకు ఎలాగో సర్దుకుందాం పద అని, తరువాత సంగతి ఎత్తకుండా సంచి భుజాన వేసుకుంది. గోళ్ళమ్మ బిడ్డను చివరిసారి తుడిచి, బెంచీ మీద దొరికిన ఆ ఉన్ని గుడ్డలోనే చుట్టింది. వేరే గుడ్డ ఏదీ అంత మెత్తగా లేదు. బిడ్డ ఎడమ బుగ్గ మీద సన్నటి ఎర్రటి గీత ఉంది, గోరుతో గీరుకున్నాడు.

వెంట గేటు దాకా నడిచింది. అక్క ఆటో కోసం రోడ్డు మీదకు వెళ్ళింది. ఆ అమ్మాయి బిడ్డ బుగ్గ చూసి, ఆ తొలి సాయంత్రం తరువాత మొదటిసారి తనంతట తానుగా నోరు విప్పింది.

"వీడి గోళ్ళు ఎప్పుడు తియ్యాలి?"

గోళ్ళమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఇది ఆమెకు తెలిసిన విషయం, వెయ్యిసార్లు చెప్పిన విషయం. ఇప్పుడే కత్తెర పెట్టొద్దని, గోరు వేలి చర్మాన్ని అంటుకునే ఉంటుందని, కత్తిరిస్తే చర్మం కూడా తెగుతుందని చెప్పింది. కొన్ని వారాలు ఆగమంది. అంతదాకా చేతులకు మెత్తటి గుడ్డ చుట్టమని, నోటితో కొరకొద్దని కూడా చెప్పింది. గబగబా చెప్పేసింది, ఎక్కడ ఆపితే ఆ అమ్మాయి వెళ్ళిపోతుందో అన్నట్టు.

ఆ అమ్మాయి అంతా విన్నది. కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"ఈ మాటైనా నమ్మొచ్చా ఆయమ్మా?" అంది.

గోళ్ళమ్మ నోరు తెరిచింది. వెయ్యిసార్లు చెప్పిన మాట, ఒక్క అక్షరం తప్పు లేని మాట. అయినా, "డాక్టరమ్మను అడుగు తల్లీ," అంది. "లోపలే ఉంది. అడిగి వెళ్ళు."

ఆటో వచ్చింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళలేదు. ఎవరినీ అడగలేదు. బిడ్డ రెండు చేతులనూ ఉన్ని గుడ్డ లోపలికి తోసి, అక్క పక్కన కూర్చుంది.

గోళ్ళమ్మ పైకి వచ్చేసరికి కాన్పు గదిలో ఇంకో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తుడిచింది, తూచింది, గుడ్డలో చుట్టింది. పిడికిళ్ళు మూసే ఉంచింది. తలుపు తోసుకుని వెళితే బెంచీ మీద నుంచి ఒక పెద్దాయన లేచి నిలబడి, నెలలు నిండాయా అమ్మా అని అడిగాడు. ఆమె బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి, ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.